పంటి వేరును దేనితో కడిగారో కాగితం మీద రాసి ఇవ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

రూట్ కెనాల్ చికిత్స గురించి పత్రికల ఆరోగ్య పేజీల్లో వచ్చే వ్యాసాలను, క్లినిక్కుల ముందు పెట్టే బోర్డులను చూస్తే ప్రజలకు చేరుతున్నవి ముఖ్యంగా రెండే సంగతులని అనిపిస్తుంది. ఒకటి, చికిత్స ఎన్ని సిట్టింగుల్లో ముగుస్తుందన్నది. రెండోది, పైన తొడిగే క్యాప్ మెటల్‌దా, సిరామిక్‌దా, జిర్కోనియాదా అన్నది. నరం తీసేసిన తరువాత వేరు లోపలి సన్నని కాలువను ఏయే ద్రావణాలతో, ఏ వరసలో, ఎంతసేపు కడిగారని రోగులు అడగరు. మా వృత్తిలోని వారిలో చాలామంది చెప్పరు. రోగి చేతికిచ్చే కాగితం మీద ఆ వివరం ఎక్కడా కనిపించదు. ప్రకాశం జిల్లాలో దంత వైద్యం చేస్తూ, మరెక్కడో చికిత్స జరిగి మళ్లీ నొప్పితో వచ్చే పళ్లను తరచుగా చూస్తున్న నేను, ఆ వివరాన్ని కూడా రాసి ఇవ్వడం ఆనవాయితీ కావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. కాలువలో నింపే సీలర్ అనే సిమెంటు పంటి గోడకు ఎంత గట్టిగా అంటుకుంటుందన్నది సీలర్ గుణం మీదే కాదు, అంతకుముందు ఆ గోడను తాకిన ద్రావణాల మీద కూడా ఆధారపడి ఉంటుంది.

పైకి కనిపించే తెల్లని పింగాణి పొర కింద మొదలై వేరు కొసదాకా ఉండే గట్టి పదార్థం డెంటిన్. బరువులో దాదాపు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, మిగిలింది నీరు. ఆ సేంద్రియ పదార్థంలో సింహభాగం కొల్లాజెన్ అనే ప్రోటీను. నరం ఉండే కాలువ నుంచి బయటి వైపుకు డెంటిన్ నిండా కంటికి ఆనని సన్నని గొట్టాలు, చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో ఉంటాయి. పుచ్చు నరందాకా దిగితే సూక్ష్మజీవులు కాలువలోనే ఆగవు, ఈ గొట్టాల్లోకి కూడా చొరబడతాయి. చికిత్సలో ఫైల్ అనే పనిముట్లతో కాలువను గీకి వెడల్పు చేసి, కడిగి, ఆరబెట్టి, గట్టా పర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో చేసిన పుల్లలను కూర్చుతారు. గట్టా పర్చా తనంతట తాను డెంటిన్‌కు అంటుకోదు. పుల్లకూ గోడకూ మధ్య సందును పూడ్చి రెండింటినీ పట్టి ఉంచే పలచని సిమెంటే సీలర్. అది గోడను వదిలితే లాలాజలమూ సూక్ష్మజీవులూ ఆ సందు గుండా మళ్లీ వేరు కొసకు చేరతాయి.

ఫైల్‌తో గీకినప్పుడు రాలిన డెంటిన్ పొడి, నరం తునకలు, సూక్ష్మజీవులు తడితో కలిసి గోడ మీద అలుముకుంటాయి. దీన్ని స్మియర్ పొర అంటారు. మందం ఒకటి రెండు మైక్రాన్లే అయినా, గొట్టాల నోళ్లలోకి అది బిరడాలుగా దిగబడి ఉంటుంది. రూట్ కెనాల్ గోడల మీద ఈ పొరను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి 1975లో మెక్‌కోంబ్, స్మిత్ అనే పరిశోధకులు వివరించారు. పండక్కి ఇంటికి సున్నం కొట్టేటప్పుడు పాత పెచ్చులు గీకి, దుమ్ము దులిపి, గోడ తడిపిన తరువాతే కుంచె ముంచాలని మన ఊళ్లలో తెలియనివారు లేరు; దుమ్ము మీద కొట్టిన సున్నం ఆ దుమ్ముతోనే రాలిపోతుంది. స్మియర్ పొర మీద పూసిన సీలర్ గతి కూడా అంతే: అది అంటుకున్నది పొరకు గానీ పంటికి కాదు.

కడిగే ద్రావణాల్లో మొదటిదీ, మానడానికి వీల్లేనిదీ సోడియం హైపోక్లోరైట్. వాడుకలో మేము హైపో అంటాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో హెన్రీ డేకిన్ గాయాలు కడగడానికి 0.5 శాతం గాఢతతో ప్రచారంలోకి తెచ్చిన ద్రావణమే ఇది. పళ్ల చికిత్సలో 0.5 నుంచి 5.25 శాతం వరకు వాడుతున్నారు. సూక్ష్మజీవులను చంపడంతో పాటు, ఫైల్ అందని మూలల్లో మిగిలిపోయిన నరం కణజాలాన్ని కరిగించడం దీని గొప్ప గుణం. సెలైన్‌కు గానీ డిస్టిల్డ్ వాటర్‌కు గానీ ఆ శక్తి లేదు. అయితే నరాన్ని కరిగించే ఆ శక్తే డెంటిన్‌లోని కొల్లాజెన్ మీద కూడా పనిచేస్తుంది. పైగా హైపో ఆక్సీకరణ కారకం కనుక, కాలువ గోడలో మిగిలిపోయిన దాని ప్రభావం రెసిన్ జాతి సిమెంట్లు గట్టిపడే చర్యను అడ్డుకుంటుంది. మెథాక్రిలేట్ రెసిన్‌తో చేసిన సీలర్ల విషయంలో ఇది స్పష్టంగా తేలింది. అందుకే వాటిని వాడేటప్పుడు ఆఖరి కడుగుడు హైపోతో ముగించకూడదని చెబుతారు. సోడియం ఆస్కార్బేట్ వంటి యాంటీ ఆక్సిడెంట్ ద్రావణాన్ని తరువాత వాడితే తగ్గిన పట్టు తిరిగి వస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. పూర్వం హైపోను, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మార్చి మార్చి కొట్టి నురగ రప్పించే పద్ధతి ఉండేది. నురగతో మురికి పైకి వస్తుందన్న నమ్మకంతో ఇప్పటికీ కొన్నిచోట్ల అలా చేస్తున్నారు. పెరాక్సైడ్ కూడా ఆక్సిజన్ వదిలేదే గనుక, రెసిన్ సిమెంటు పెట్టబోయే పంటిలో దానితో మేలు కన్నా చెరుపే ఎక్కువ.

స్మియర్ పొరలోని సేంద్రియ భాగాన్ని హైపో తీసేయగలదు గానీ ఖనిజ భాగం దానికి లొంగదు. ఆ పని ఈడీటీఏ అనే ద్రావణానిది. నార్వేకు చెందిన నైగార్డ్ ఓస్ట్‌బీ 1957లో రూట్ కెనాల్‌లో దీని వాడకాన్ని ప్రవేశపెట్టారు. ఇది కాల్షియాన్ని పట్టి లాగుతుంది. సాధారణంగా వాడే గాఢత 17 శాతం. ఆఖర్లో ఒక్క నిమిషం సేపు ఉంటే పొర పోయి గొట్టాల నోళ్లు తెరుచుకుంటాయి. మంచిదే కదా అని పది నిమిషాలు వదిలేస్తే గొట్టాల చుట్టూ ఉన్న డెంటిన్ కూడా కోసుకుపోయి గోడ బలహీనపడుతుంది. ఈడీటీఏ తరువాత మళ్లీ ఎక్కువసేపు హైపో కొట్టినా ఇదే ప్రమాదం, ఎందుకంటే ఖనిజం పోయి పైకి తేలిన కొల్లాజెన్‌కు అప్పుడు అడ్డేమీ ఉండదు. రెండింటినీ కలిపి వాడటం అసలే కూడదు. ఈడీటీఏ కలవగానే హైపోలో పనిచేసే క్లోరిన్ పడిపోతుంది, అంటే సూక్ష్మజీవుల మీదా నరం తునకల మీదా దాని పని ఆగిపోతుంది. అందుకే వరస ముఖ్యమంటున్నాను. గీకుతున్నంతసేపూ హైపో, అంతా అయ్యాక కొద్దిసేపు ఈడీటీఏ, ఆ తరువాత వాడబోయే సీలర్‌ను బట్టి ముగింపు.

ఇక క్లోర్‌హెక్సిడిన్. 2 శాతం ద్రావణం డెంటిన్‌కు పట్టుకుని ఉండి చాలాకాలం సూక్ష్మజీవులను అడ్డుతుంది. కొల్లాజెన్‌ను నెమ్మదిగా తినే ఎంజైములను కూడా అదుపు చేస్తుంది. కానీ కాలువలో హైపో మిగిలి ఉండగా దీన్ని కొడితే ఏమవుతుందో చూడాలనుకున్నవారు ఒక గాజు గిన్నెలో రెండింటినీ కొన్ని చుక్కలు కలిపి చూడవచ్చు. స్వచ్ఛంగా ఉన్న రెండు ద్రావణాలూ కలిసిన క్షణంలోనే నారింజ కలిసిన గోధుమ రంగుకు తిరిగి, అడుగున మడ్డి పేరుకుంటుంది. మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు నేను మొదట ఇదే చూపిస్తాను. పన్ను లోపల ఆ మడ్డి గొట్టాల నోళ్లకు అడ్డంపడి సీలర్‌ను లోపలికి దిగనివ్వదు, పంటి రంగునూ మారుస్తుంది. ఈడీటీఏతో క్లోర్‌హెక్సిడిన్ కలిసినా తెల్లటి అవక్షేపం వస్తుంది. ఒక ద్రావణానికీ మరో ద్రావణానికీ మధ్య డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పేపర్ పాయింట్ అనే సన్నని కాగితపు పుల్లతో తడి తీయడం పట్టుమని రెండు నిమిషాల పని. వదిలేసేది కూడా ఎక్కువగా దాన్నే.

సీలర్లన్నీ ఒక్క తీరు కావన్నది తరువాతి మాట. లవంగ నూనెలోని యూజెనాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి చేసే పాత రకం సీలర్ డెంటిన్‌కు పెద్దగా అంటుకోదు, సందు పూడ్చి ఊరుకుంటుంది. ఎపాక్సీ రెసిన్ సీలర్ కొల్లాజెన్‌లోని అమైనో సమూహాలతో రసాయనికంగా బంధం కలుపుకుంటుంది, తెరుచుకున్న గొట్టాల్లోకి దిగి కూడా పట్టు పొందుతుంది. దానికి స్మియర్ పొర పోయి, కొల్లాజెన్ చెడకుండా ఉన్న గోడ కావాలి. ఈమధ్య బయోసిరామిక్ పేరుతో వస్తున్న కాల్షియం సిలికేట్ సీలర్ల స్వభావం వేరు. అవి డెంటిన్‌లోని తేమను తీసుకునే గట్టిపడతాయి. కాలువను ఆల్కహాల్‌తో కడిగి పొడిపొడిగా ఆరబెట్టి వాటిని పెడితే, వాటికి కావలసిన తేమనే మనం తీసేసినట్లవుతుంది; ఈడీటీఏను నీటితో కడిగి తీయకుండా వదిలేస్తే సీలర్‌లోని కాల్షియాన్నే అది పట్టుకుంటుంది. అంటే ఒక సీలర్‌కు మేలు చేసే ముగింపు ఇంకొకదానికి సరిపడకపోవచ్చు. ఖరీదైన సీలర్ తెప్పించుకుని, పాత అలవాటు ప్రకారమే కడిగి, ఫలితం కూడా ఖరీదుకు తగ్గట్టే ఉంటుందని ఆశించడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

నిరుడు ఒక పెద్దాయన కింది దవడ పన్ను నొప్పితో వచ్చారు. వేరే ఊళ్లో రూట్ కెనాల్ చేయించుకుని, క్యాప్ కూడా వేయించుకున్న పన్ను. ఎక్స్‌రేలో లోపలి పూరకం కొసదాకా నిండుగా, చూడటానికి చక్కగా ఉంది. వేరు కొస చుట్టూ మాత్రం నల్లని నీడ. క్యాప్ తీసి లోపలికి వెళ్లి, ఫైల్ మొనతో గట్టా పర్చాను తగిలించి పైకి లాగగానే పుల్ల మొత్తం ఒక్క ఊపులో చేతికొచ్చింది. సాధారణంగా దాన్ని మెత్తబరిచే మందు వేసి కొంచెం కొంచెంగా తవ్వి తీయాలి. పుల్ల చుట్టూ సీలర్ తొక్కలాగా, కాలువ వంపుల అచ్చు పడి, పూర్తిగా అంటుకుని ఉంది. పంటి గోడ మీద దాని జాడ దాదాపు లేదు. సీలర్ గట్టా పర్చాను పట్టుకుంది, డెంటిన్‌ను పట్టుకోలేదు. ఎందుకిలా జరిగిందని ఆయన అడిగితే చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఎందుకంటే ఆయన జాగ్రత్తగా మడిచి తెచ్చిన కాగితం మీద పంటి నంబరు, క్యాప్ ధర తప్ప మరేమీ లేవు. ఏ సీలర్ వాడారో, దేనితో కడిగారో తెలిస్తే రెండోసారి చికిత్సను ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలిసేది. విరిగిన పంటిలో పోస్ట్ అనే ఊత కడ్డీ పెట్టి రెసిన్ సిమెంటుతో అంటించవలసి వచ్చినప్పుడు కూడా ముందు వాడిన సీలర్‌లో యూజెనాల్ ఉందా లేదా అన్నది తెలియడం అవసరం. యూజెనాల్ ఆ సిమెంటును సరిగా గట్టిపడనివ్వదు. కనిగిరి, పామూరు వైపు నుంచి హైదరాబాదు, బెంగళూరు పనులకు వెళ్లే కుటుంబాల్లో ఒక ఊళ్లో మొదలైన చికిత్స మరో ఊళ్లో పూర్తికావడం మామూలే కనుక ఈ వివరం మన ప్రాంతంవారికి మరీ అక్కర.

సీలర్ పట్టును ప్రయోగశాలలో ఎలా కొలుస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ అంకెలను అమ్మకాల కాగితాల మీద చూపి మమ్మల్ని ఒప్పించే ప్రయత్నాలు జరుగుతుంటాయి. తీసేసిన పళ్ల వేర్లకు చికిత్స చేసి, సీలర్ గట్టిపడ్డాక అడ్డంగా ఒక మిల్లీమీటరు మందం బిళ్లలుగా కోసి, మధ్యలోని పూరకాన్ని సన్నని ఉక్కు కడ్డీతో నొక్కుతారు. అది ఊడిపడటానికి పట్టిన బలాన్ని అంటుకున్న వైశాల్యంతో భాగిస్తే మెగాపాస్కల్స్‌లో అంకె వస్తుంది. ఆపైన బిళ్లను మైక్రోస్కోపు కింద పెట్టి సీలర్ గోడను వదిలిందా, తనలో తానే చీలిందా అని చూస్తారు. ఒకే ప్రయోగంలో రెండు పద్ధతులను పోల్చడానికి ఇది పనికొస్తుంది. ఒక ప్రయోగశాల అంకెను మరోదాని అంకె పక్కన పెట్టి తూచడం తప్పు. అన్నిటికంటే ముఖ్యంగా, పన్ను నయం కావడం మొదట సూక్ష్మజీవులు పోవడం మీద, ఆ తరువాతే అతుకు మీద ఆధారపడి ఉంటుంది. సీలర్ గట్టిగా పట్టాలంటే హైపో మానేయండి అని ఎవరైనా అంటే అంగీకరించకూడదు. హైపో మానడం కాదు, దాని ప్రభావాన్ని ఆఖర్లో తొలగించుకోవడమే సరైన దారి.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతి ఇందులో ఉంది. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో తొలిసారి వివరంగా నమోదు చేసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తరువాత దానికే ప్రకాశం అని పేరు) ఏర్పడేదాకా నెల్లూరులోనివే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం ఉన్నా, బోరు నీళ్లే దిక్కయిన ఊళ్లలో తరాల తరబడి అది మించింది. ఆ ఊళ్ల నుంచి వచ్చేవారి పళ్ల మీది పసుపు, గోధుమ చారలు అందరికీ కనిపిస్తాయి. కనిపించనిది ఏమిటంటే, ఎదిగే వయసులో ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ డెంటిన్‌లో ఖనిజం ఏర్పడే తీరును కూడా మారుస్తుంది. అలాంటి పళ్ల పింగాణి ఆమ్లానికి తొందరగా లొంగదని, సిమెంటు అంటించే ముందు ఆమ్లం ఎక్కువసేపు ఉంచవలసి వస్తుందని మాకు రోజూ అనుభవమే. అయితే సీలర్ పట్టును కొలిచే ప్రయోగాలకు సాధారణంగా పుచ్చు, పగుళ్లు, ఫ్లోరోసిస్ లేని పళ్లనే ఏరి తీసుకుంటారు. ఆ పళ్ల మీద ఈడీటీఏకు సరిపోయిన ఒక్క నిమిషం పొదిలి పంటికి కూడా సరిపోతుందని అనుకుని ముందుకు పోతున్నాం. నెల్లూరులో దంత వైద్య కళాశాల ఉంది. పీజీ విద్యార్థులు ఏటా పరిశోధన అంశాల కోసం వెతుక్కుంటూనే ఉంటారు. పశ్చిమ ప్రాంత మండలాల్లో ఇతర కారణాలతో తీసేస్తున్న పళ్లను, రోగుల అనుమతితో సేకరించి ఈ ప్రయోగాన్ని మన పళ్ల మీదే చేయించాలని కళాశాలల ఆచార్యులను వేడుకుంటున్నాను. ఈ పని మనం చేయకపోతే మరెవరో చేస్తారని చూడటం న్యాయం కాదు.

రెండో స్థానిక సంగతి ఎండ. హైపో వేడికి, వెలుతురుకు చెడిపోయే ద్రావణం. డబ్బా మీద రాసిన శాతం తయారైన నాటిది. రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటే ఒంగోలు, నెల్లూరుల్లో, పారదర్శకమైన సీసాలో పోసి కిటికీ పక్కన పెట్టిన హైపోలో ఆ శాతం నిలవదు. ముదురు రంగు సీసాలో, మూత బిగించి, చల్లని చోట ఉంచి, తెరిచిన తేదీ దానిమీద రాసుకోవాలి. పలచన చేయవలసి వస్తే బోరు నీళ్లు పనికిరావు. అందులో ఉండగల లోహాలు హైపోను ఇంకా తొందరగా విరిచేస్తాయి. ఏరియా ఆసుపత్రుల దంత విభాగాలకు ఈ ద్రావణాలను ఏడాదికి సరిపడా ఒక్కసారి పంపకుండా, చిన్న మోతాదుల్లో తరచుగా పంపే ఏర్పాటును వైద్య ఆరోగ్య శాఖ చేస్తే ఖర్చు పెరగదు, మందు మాత్రం మందులా పనిచేస్తుంది.

రోగుల తరఫున కూడా ఒక మాట. కడిగే సమయంలోనే సహనం తగ్గడం నేను రోజూ చూస్తాను. “ఏందమ్మా, నరం తీసేసినావు గదా, ఇంకా ఎంతసేపు నీళ్లు కొడతావు, బస్సు పోద్ది” అని అడిగేవారే ఎక్కువ. నోట్లో రబ్బర్ షీటు కట్టించుకుని అంతసేపు నోరు తెరిచి కూర్చోవడం కష్టమే. కానీ ఆ షీటు లేకపోతే హైపో నోట్లో పడుతుంది, లాలాజలం కాలువలో పడుతుంది. సూదిని వేరు కొసకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆపి, గోడకు బిగుసుకోకుండా, నెమ్మదిగా కొట్టవలసిందే. తొందరపడి గట్టిగా నొక్కితే హైపో వేరు దాటి దవడలోకి వెళ్లి భరించలేని నొప్పి, వాపు వస్తాయి. కొస భాగంలో గాలి చిక్కుకుని ద్రావణం చేరదు కనుక అల్ట్రాసోనిక్ మొనతో గానీ, చివరికి గట్టా పర్చా పుల్లనే పైకీ కిందికీ ఆడించి గానీ దాన్ని కదిలించాలి. ఇవన్నీ సమయం తీసుకునే పనులు. ఆ సమయాన్ని ఇవ్వండని రోగులను, ఆ సమయానికి తగిన ఫీజు అడగడానికి సంకోచించకుండా పనిని మాత్రం కుదించవద్దని నా తోటి వైద్యులను కోరుతున్నాను.

భారత దంత వైద్య సంఘం ఒంగోలు, నెల్లూరు శాఖలు కలిసి రోగికిచ్చే కాగితానికి ఒక నమూనా తయారుచేస్తే బాగుంటుంది. అందులో పంటి నంబరు కింద ఒకే ఒక్క వరస చేర్చితే చాలు: హైపో ఎంత శాతం, ఆఖరి కడుగుడు దేనితో, ఎంతసేపు, సీలర్ ఏ రకం. ఆ వరస నింపడానికి అర నిమిషం పట్టదు. సంఘం నమూనా వచ్చేదాకా ఆగకుండా ఎవరి క్లినిక్కులో వారు ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు, రోగులు కూడా చికిత్స ముగిసిన రోజున ఆ వివరం రాసివ్వమని అడిగి తీసుకోవచ్చు.

ఇట్లు,
ఒక దంత వైద్యురాలు,
ఒంగోలు.